పాత క్యాసెట్లు: దాచాలా, ఆడాలా, నకలు తీయాలా?

2021 జూలై 11న అమెరికాలోని హెరిటేజ్ వేలంశాలలో 'సూపర్ మారియో 64' క్యాసెట్ ఒకటి 15.6 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకంలో 11 కోట్ల రూపాయల పైమాటే. అదేమీ అరుదైన ఆట కాదు. 1996లో విడుదలై, దాదాపు 1.2 కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది. ఈ ప్రతి గొప్పతనమంతా డబ్బాకు చుట్టిన ప్లాస్టిక్ పొర ఎవరూ విప్పకపోవడంలోనే ఉంది. కొన్నవారు దాన్ని ఆడాలంటే పెట్టిన డబ్బు వదులుకోవాలి. ఊరికే ఆడుకోవడానికైతే ఆ ఆట మొత్తం 8 మెగాబైట్ల ఫైలు; ఫోనులో తీసిన రెండు మూడు ఫోటోలకు పట్టేంత చోటు చాలు.

ఈ రెండు లెక్కల మధ్య ఉన్న దూరమే ఇప్పటి చర్చ. పాత వీడియో గేములను బతికించుకోవడమంటే ఏమిటి? వస్తువును చెడకుండా దాచడమా, అదే యంత్రం మీద ఆడుతూ ఉండటమా, ప్రోగ్రామును నకలు తీసి అందరికీ అందుబాటులో ఉంచడమా? ముప్పై ఏళ్లుగా ఈ వాదన నడుస్తోంది. సేకర్తలు, ఆటగాళ్లు, ప్రోగ్రామర్లు, కంపెనీలు, న్యాయస్థానాలు అందరూ ఇందులో ఉన్నారు. చిక్కేమిటంటే, 'పరిరక్షణ' అనే మాటను ప్రతి పక్షమూ తనకు కావలసిన అర్థంలో వాడుకుంటోంది.

క్యాసెట్ పుట్టుక, పతనం, తాళం

1972లో ఇంజినీర్ రాల్ఫ్ బేర్ పని ఆధారంగా వచ్చిన మాగ్నవాక్స్ ఒడిస్సీ గేమ్ యంత్రానికి కూడా మార్చుకునే కార్డులు ఉండేవి. కానీ వాటిలో ప్రోగ్రామేమీ లేదు. అవి యంత్రంలోని తీగల కలయికను మార్చేవి, అంతే. రోమ్ చిప్పులో ఆటను భద్రపరచి, ఆ చిప్పును ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్మడం 1976లో ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్‌తో మొదలైంది. జెర్రీ లాసన్ నడిపిన బృందం చేసిన పని అది. మరుసటి ఏడాది వచ్చిన అటారీ వీసీఎస్, అంటే తరవాతి 2600, ఆ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది.

అటారీకి ఎవరైనా ఆట తయారుచేసి అమ్మవచ్చు, ఆపే ఏర్పాటేదీ యంత్రంలో లేదు. నాసిరకం ఆటలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. అమ్ముడుపోని సరుకును అటారీ న్యూమెక్సికోలోని అలమగోర్డో ఊరి చెత్తగుంటలో పూడ్చిపెట్టింది. 2014 ఏప్రిల్‌లో ఆ గుంట తవ్వితే దాదాపు 1,300 క్యాసెట్లు బయటపడ్డాయి. వాటిలో చాలావాటిని వేలం వేసి ఆ ఊరు లక్ష డాలర్లకు పైగా సంపాదించుకుంది, ఒక 'ఈ.టీ.' క్యాసెట్ స్మిత్సోనియన్ సంస్థకు చేరింది. ముప్పై ఏళ్లలో చెత్త పురావస్తువైంది. తర్వాత వచ్చిన ధరల వెర్రికి ఇది ముందుమాట లాంటిది.

అటారీ చేసిన పొరపాటు నింటెండో చేయలేదు. 1983లో జపాన్‌లో ఫ్యామికామ్‌నూ, 1985లో అమెరికాలో దాని మరో రూపమైన ఎన్ఈఎస్‌నూ తెచ్చింది. అమెరికా యంత్రంలో 10ఎన్ఈఎస్ అనే తాళపు చిప్పు పెట్టింది. క్యాసెట్‌లో దానికి జోడీ చిప్పు లేకపోతే ఆట మొదలుకాదు. జపాన్ క్యాసెట్‌కు 60 పిన్నులు, అమెరికా క్యాసెట్‌కు 72. ఒక దేశపు సరుకు మరో దేశపు యంత్రంలో పట్టదు. ఏ ఆట ఎవరు ఎక్కడ ఆడాలో కంపెనీ నిర్ణయించే అలవాటు ఇక్కడే స్థిరపడింది. తరవాతి వివాదాల్లో సగానికి మూలం ఈ తాళమే.

వస్తువే విలువ అనేవారు

మొదటి తరం సేకర్తలు వ్యాపారులు కారు. 1990ల్లో అమెరికా దుకాణాలు పాత సరుకును కారుచౌకగా వదిలించుకుంటున్న రోజుల్లో వాళ్లు సంచులకొద్దీ కొన్నారు, జాబితాలు రాసుకున్నారు, ఒకరికొకరు చూపించుకున్నారు. 1999లో లాస్‌వేగాస్‌లో క్లాసిక్ గేమింగ్ ఎక్స్‌పో మొదలుపెట్టిన ముగ్గురు సేకర్తలే తరవాత టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం తెరిచారు. 2016 నుంచి అది నడుస్తోంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఊరది. డాలస్ వైపు బంధువులున్నవారికి చూడటం కష్టం కాదు.

ఈ పక్షం వాదనకు బలముంది. ఆట అంటే కోడ్ ఒక్కటే కాదు. డబ్బా మీది బొమ్మ, లోపలి పుస్తకం, పటం, కంట్రోలర్ బరువు అన్నీ కలిసి ఆ కాలపు సాక్ష్యం. తొలితరం ఆటల్లో కథా నియమాలూ తెర మీద కాక పుస్తకంలోనే ఉండేవి. పైగా విడుదల కాని ఆటల నమూనా ప్రతులు సేకర్తల చేతుల్లో పడబట్టే మిగిలాయి. 1990 నింటెండో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ కోసం 90 బూడిదరంగు, 26 బంగారురంగు క్యాసెట్లు మాత్రమే చేశారు. అలాంటివాటి ఆనవాలు మనకు తెలుస్తోందంటే కొందరు పట్టుబట్టి లెక్కలు రాయడం వల్లనే.

సంగతి మారింది గ్రేడింగ్ వచ్చాక. ప్రతిని పరీక్షించి, అంకె వేసి, తెరవడానికి వీల్లేని పారదర్శక డబ్బాలో బిగించి ఇచ్చే సంస్థల్లో 2008 నాటి వీజీఏ ముందుది. 2017లో వాటా గేమ్స్ వచ్చింది. 2019లో సీలు విప్పని 'సూపర్ మారియో బ్రదర్స్' లక్ష డాలర్లు దాటింది. 2021 ఏప్రిల్‌లో మరో ప్రతి 6.6 లక్షలు పలికింది. జూలైలో 'లెజెండ్ ఆఫ్ జెల్డా' 8.7 లక్షలకు, రెండు రోజులకే మారియో 64 పైన చెప్పిన ధరకూ పోయాయి. గ్రేడింగ్ సంస్థకూ వేలంశాలకూ ఉన్న సంబంధాలతో ధరలు కృత్రిమంగా పెంచారని ఆ ఆగస్టులోనే ఆరోపణలు వచ్చాయి. సంస్థలు వాటిని తోసిపుచ్చాయి. 2022లో వాటాపై కొందరు వినియోగదారులు కోర్టుకెక్కారు. ఆ తరవాత ఆ స్థాయి ధరలు నిలవలేదు.

ఆరోపణల నిజానిజాలు పక్కన పెట్టినా, పరిరక్షణ దృష్టితో చూస్తే ఆ డబ్బాకు ఒక లోపముంది. జెల్డా క్యాసెట్‌లో ఆట ఎంతవరకు వచ్చిందో గుర్తుపెట్టుకోవడానికి ఒక బటన్ సెల్ ఉంటుంది. అది లోపల వయసు మీరుతూనే ఉంటుంది. కారితే బోర్డు పాడవుతుంది. సీలు విప్పకూడదన్న నియమం పెట్టుకున్నవారికి దాన్ని చూసే వీలు కూడా లేదు. నమూనా ప్రతుల విషయంలో నష్టం ఇంకా పెద్దది. అవి మామూలు రోమ్‌ల మీద కాక, చెరిపి తిరిగి రాయగల ఈప్రామ్ చిప్పుల మీద ఉంటాయి. వాటిలోని విద్యుదావేశం ఏళ్లు గడిచేకొద్దీ జారిపోతుంది. నకలు బయటికొస్తే ధర పడిపోతుందని బీరువాలో దాచిన నమూనా ఏదో ఒకనాటికి ఖాళీ చిప్పుగా మిగులుతుంది. ఈ ఒక్క విషయంలో సేకర్తల పక్షానికి జవాబు లేదనే చెప్పాలి.

అసలు యంత్రం, అసలు టీవీ

రెండో పక్షం దాచడం గురించి కాదు, ఆడటం గురించి మాట్లాడుతుంది. ఆట తయారుచేసినవారు ఏ యంత్రాన్ని, ఏ టీవీని దృష్టిలో పెట్టుకున్నారో దాని మీదే ఆడాలన్నది వీరి మాట. పాతదనం మీద మోజు అని కొట్టిపారేయడానికి లేదు. వెనక సాంకేతిక కారణాలున్నాయి.

ఎన్ఈఎస్ ఆట 'డక్ హంట్' తుపాకీ అందుకు మంచి ఉదాహరణ. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని సెన్సర్ ఆ వెలుగు సరిగ్గా ఆ లిప్తలో కనబడిందా లేదా చూస్తుంది. పాత డబ్బా టీవీ, అంటే సీఆర్‌టీ, సంకేతం అందిన వెంటనే గీత తర్వాత గీతగా బొమ్మ గీస్తుంది. ఎల్‌సీడీ టీవీ బొమ్మను ముందు లోపలికి తీసుకుని, పెద్దది చేసి, ఆపై చూపిస్తుంది. ఆ ఆలస్యంలో బాతు ఎప్పటికీ చావదు. మారియోను దూకించడంలో కూడా ఈ ఆలస్యం చేతికి తెలుస్తుంది. రంగుల సంగతీ అంతే. సెగా కంపెనీ యంత్రం మెగా డ్రైవ్ మీది 'సోనిక్' ఆటలో జలపాతాలు నిలువు చారలుగా గీసినవి. పాత వీడియో కేబుల్ ఆ చారలను కలిపేసి పారదర్శకమైన నీరుగా చూపేది. ఇప్పటి స్పష్టమైన తెర మీద అవి చారలుగానే ఉండిపోతాయి.

ఈ దారిలో నడవాలంటే ఓపిక కావాలి, సోల్డరింగ్ ఐరన్ పట్టడం రావాలి. గేమ్ గేర్ లాంటి యంత్రాల్లో కెపాసిటర్లు కారిపోతాయి. తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో వెలుగులో పెట్టి తెలుపు తెచ్చినా పసుపు మళ్లీ రావచ్చు. క్యాసెట్ ఆడకపోతే నోటితో ఊదడం ప్రపంచమంతా చేసిన పనే. ఉమ్మి తడికి పిన్నులు తుప్పుపడతాయి కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవడమే మేలు. అన్నిటికంటే పెద్ద అడ్డంకి టీవీయే. కొత్త సీఆర్‌టీలు ఇక రావు. చివరి పెద్ద తయారీదారుల్లో ఒకటైన మన దేశపు వీడియోకాన్ కూడా 2015లో ఆపేసింది. ఉన్నవి పాడవుతూ పోతాయి, బాగుచేసే చేతులూ తగ్గిపోతాయి. ఈ పక్షం వాదన ఎంత నిజమైనా దానికి గడువుంది.

ఎమ్యులేటర్ల పక్షం

పాత యంత్రాన్ని కంప్యూటర్ మీద అనుకరించే ప్రోగ్రామే ఎమ్యులేటర్. వీటి చరిత్రలో 1997 ముఖ్యమైన ఏడాది. ఫిబ్రవరిలో నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్, దుకాణాల్లో నాణెం వేసి ఆడే ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్ మీదికి తెచ్చింది. ఏప్రిల్‌లో వచ్చిన నెస్టికిల్ ఎన్ఈఎస్ ఆటలను అప్పటి మామూలు పీసీల మీద పూర్తి వేగంతో నడిపింది. ఆడేవారికి అది ఉచిత విందు. మేమ్ బృందం మాత్రం మొదటినుంచీ చెబుతున్నది వేరు: తమ పని యంత్రం ఎలా పనిచేసేదో నమోదు చేయడం, ఆట ఆడగలగడం దాని వల్ల వచ్చే లాభం.

ఎమ్యులేటర్ నడిపేవారిలోనే ఒక అంతర్వివాదముంది: ఆట నడిస్తే చాలా, అచ్చు యంత్రంలాగే నడవాలా? సూపర్ నింటెండో ప్రాసెసర్ వేగం 3.58 మెగాహెర్ట్జ్. దాన్ని క్షణక్షణం తప్పకుండా అనుకరించాలంటే 3 గిగాహెర్ట్జ్ కంప్యూటర్ కావాలని ఆ యంత్రపు ఎమ్యులేటర్ బీఎస్ఎన్ఈఎస్ రచయిత 2011లో వాదించాడు. ఆయన చూపిన ఉదాహరణలు చిన్నవి: 'ఎయిర్ స్ట్రైక్ పెట్రోల్'లో విమానం కింది నీడ తేలిక ఎమ్యులేటర్లలో కనబడేది కాదు. ఒక నీడ కోసం ఇంత శ్రమా అనిపించవచ్చు. కానీ ఆటలో ఎక్కడికి గురిపెట్టాలో ఆటగాడికి చెప్పేది ఆ నీడే.

పోటీల లోకం ఇప్పటికీ ఎమ్యులేటర్‌ను పూర్తిగా నమ్మదు. 2018లో ట్విన్ గెలాక్సీస్ సంస్థ 'డాంకీ కాంగ్' రికార్డులు కొన్నిటిని, అవి అసలు ఆర్కేడ్ యంత్రం మీద సాధించినవి కావని తేల్చి తొలగించింది. ఆ గొడవ కోర్టుల్లో ఏళ్లపాటు సాగి 2024లో రాజీతో ముగిసింది. 2023 డిసెంబరులో ఎన్ఈఎస్ 'టెట్రిస్'ను ప్రోగ్రాము ఆగిపోయేదాకా ఆడిన పదమూడేళ్ల అమెరికన్ కుర్రాడి ఘనత కూడా ఆ పాత ఆట మీద సాధించిందే.

నడిమి దారులు

ఇటీవల ఎఫ్‌పీజీఏ చిప్పులు అసలు యంత్రం పక్షాన్నీ ఎమ్యులేటర్ పక్షాన్నీ కొంత దగ్గర చేశాయి. ఇవి లోపలి సర్క్యూట్లను కావలసినట్టు అమర్చుకోగల చిప్పులు. పాత యంత్రాన్ని ప్రోగ్రాముతో అనుకరించకుండా, దాని సర్క్యూట్ల పనినే మరో చిప్పులో నిర్మిస్తారు. ఆలస్యం చాలా తక్కువ. అనలాగ్ సంస్థ ఇలా చేసిన సూపర్ ఎన్‌టీ (2018), పాకెట్ (2021) యంత్రాలు అసలు క్యాసెట్లనే తీసుకుంటాయి. 2017లో మొదలైన మిస్టర్ ప్రాజెక్టు అందరికీ తెరిచిన ప్రయత్నం. ఇందులోనూ యంత్రాన్ని అర్థం చేసుకున్నవారి పరిజ్ఞానమే కొలత. చిప్పు మారినంత మాత్రాన తప్పులు మాయం కావు. 'ఇది ఎమ్యులేషన్ కాదు' అన్న ప్రచారాన్ని యథాతథంగా నమ్మనక్కర్లేదు.

ఇక కంపెనీలు. 2016 నవంబరులో 30 ఆటలతో ఎన్ఈఎస్ క్లాసిక్ వచ్చి 23 లక్షలకు పైగా అమ్ముడైంది, కొన్ని నెలలకే ఆపేశారు. నింటెండో ఆన్‌లైన్ దుకాణాల్లో వీ యంత్రానిది 2019 జనవరిలో, 3డీఎస్, వీ యూ యంత్రాలవి 2023 మార్చిలో మూతపడ్డాయి. వాటిలో మాత్రమే దొరికిన పాత ఆటలు కొనే దారి పోయింది. ఇప్పుడు నెలసరి చందా కడితే కొన్ని ఆటలు ఆడుకోవచ్చు. చందా ఆగితే ఆటా ఆగుతుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే ఇలా ఉంటుంది. సీలు విప్పని ప్రతి వస్తువును కాపాడుతుంది, ఆటను కాదు. అసలు యంత్రం అనుభవాన్ని కాపాడుతుంది, అది ఉన్నన్నాళ్లు. ఎమ్యులేటర్ ప్రోగ్రామును కాపాడుతుంది, చుట్టూ ఉన్న కాగితాన్నీ తెరనూ వదిలేస్తుంది. కంపెనీ చందా తన వ్యాపారానికి పనికొచ్చే ఆటలను కాపాడుతుంది. మ్యూజియం అన్నిటినీ కాపాడాలని చూస్తుంది, చేరగలిగేది కొందరికే.

చట్టం ఎక్కడుంది

'ఎమ్యులేటర్ నేరం' అన్న మాట తరచు వింటాం. అమెరికాలో అది నిజం కాదు. ప్లేస్టేషన్‌ను అనుకరించిన కనెక్టిక్స్ మీద సోనీ వేసిన దావాలో 2000 సంవత్సరంలో అప్పీలు కోర్టు కనెక్టిక్స్ పక్షాన నిలిచింది. అడ్డంకి ఆట ఫైళ్లు పంచడం దగ్గరా, తాళం విప్పడం దగ్గరా ఉంది. 2018లో నింటెండో రోమ్ ఫైళ్ల సైట్లు నడిపినవారి మీద దావా వేసి 1.2 కోట్ల డాలర్ల తీర్పు పొందింది. 2024లో నింటెండో స్విచ్ యంత్రపు ఎమ్యులేటర్ యుజు ఆ కంపెనీతో 24 లక్షల డాలర్లకు రాజీపడి మూతపడింది. అదే ఏడాది ఆపిల్ తన స్టోర్‌లోకి పాత గేముల ఎమ్యులేటర్లను అనుమతించింది.

కంపెనీలు దొంగతనం గురించి మాట్లాడేది నిజమే, కానీ అవి చెప్పని సగం ఒకటుంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కతేల్చింది. గ్రంథాలయాలు పరిశోధకులకు దూరం నుంచి పాత ఆటలు చూపించే వెసులుబాటు కోరితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం నిరాకరించింది. పరిశ్రమ సంఘం ఆ వెసులుబాటును గట్టిగా వ్యతిరేకించింది. అమ్మరు, చూపనివ్వరు. ఈ వైఖరిని సమర్థించడం కష్టం.

మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతిగా చూస్తుంది. న్యాయంగా ప్రతి ఉన్నవారు నష్టం, నాశనం నుంచి రక్షణగా తాత్కాలిక బ్యాకప్ తీసుకోవడానికి 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ తాళాలు విప్పడాన్ని శిక్షార్హం చేసినా, హక్కుల ఉల్లంఘన ఉద్దేశం ఉంటేనే. అదే 2012 సవరణ లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయాలకు భద్రత కోసం ఎలక్ట్రానిక్ నకలు దాచుకునే వీలిచ్చింది, కానీ ఆ కృతి డిజిటల్ కాని ప్రతి వారి దగ్గర ముందే ఉండాలి. వీడియో గేమ్ క్యాసెట్ పుట్టుకతోనే డిజిటల్. పుస్తకం, గ్రామఫోన్ ప్లేటు తలపులో పెట్టుకుని రాసిన నియమంలో దానికి చోటెక్కడ?

మన దగ్గర కథ వేరు

హైదరాబాద్, విజయవాడల్లో 1990ల్లో పెరిగినవారికి పాత గేమంటే అసలు ఎన్ఈఎస్ గుర్తురాదు. 1995లో షా వాలెస్ పంపిణీ చేసిన సెగా మెగా డ్రైవ్ ధర 18,000 రూపాయలు. మధ్యతరగతి ఇంటికి అది అందని మాట. ఇళ్లకు వచ్చినవి ఫ్యామికామ్ నకళ్లు. మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతోనూ, ఏ పేరూ లేకుండానూ. యంత్రం మొత్తం ఒక్క నల్ల బొట్టు చిప్పులో ఇమిడిపోయేది. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని రాసి ఉండేది. లోపల మారియో, కాంట్రా, డక్ హంట్ వంటి పది ఇరవై ఆటలే పేర్లూ మొదటి దశలూ మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. రష్యాలో 1992 నుంచి డెండీ, పోలండ్‌లో పెగాసస్ చేసిన పనే ఇక్కడ ఇవి చేశాయి. తేడా ఏమిటంటే, అక్కడివారు తమ నకళ్ల గురించి రాసుకున్నారు, జాబితాలు చేసుకున్నారు.

అంతర్జాతీయ చర్చ దాదాపు పూర్తిగా అసలు సరుకు చుట్టూనే తిరుగుతుంది. అక్కడ నకలు క్యాసెట్ అంటే మోసం, సేకర్త జాగ్రత్తపడాల్సిన ప్రమాదం. మన సందర్భంలో నకలే చారిత్రక వస్తువు. ఏ కర్మాగారంలో చేశారు, ఏ ఆటలో ఏం మార్చారు, ఎవరు పంపిణీ చేశారు అనే ప్రశ్నలకు ఆధారాలు ఆ క్యాసెట్లే. తొలి తెలుగు టాకీల్లో చాలావాటి ప్రింట్లు ఈవేళ దొరకవంటే, అప్పట్లో అవి దాచదగ్గవని ఎవరూ అనుకోకపోవడమే కారణం. ఈ క్యాసెట్లను ఇప్పుడు అదే కంటితో చూస్తున్నాం.

ఇంకా తేలనివి

మొదటిది, నమూనా ప్రతి కొన్నవాడికి నకలు బయటపెట్టవలసిన బాధ్యత ఉందా? ఆస్తి హక్కు ఒకవైపు లాగితే, చరిత్ర రెండోవైపు లాగుతుంది. సేకర్తలు తమలో తాము చందాలు వేసుకుని నమూనాలు కొని నకలు విడుదల చేయడం ఇప్పటివరకు నడిచిన ఉత్తమ పద్ధతి, కానీ అది డబ్బున్నవారి దయ మీద ఆధారపడుతుంది. రెండోది, సీఆర్‌టీలు పూర్తిగా పోయాక 'అసలు అనుభవం' దేన్ని బట్టి కొలవాలి? వాటి వెలుగును కొలిచి నమోదు చేసే పని ఇప్పుడే జరగాలి. మూడోది, హక్కుదారు ఎవరో తెలియని ఆటల సంగతి. మూతపడ్డ కంపెనీల ఆటలకు అనుమతి అడగడానికి మనిషే ఉండడు, అడగకుండా విడుదల చేస్తే చట్టం ఒప్పదు. మన నకళ్లయితే పుట్టుకే అక్రమం. వాటిని పరిరక్షించే సంస్థ ఏ హక్కు కింద పరిరక్షిస్తుందో ఎవరూ తేల్చలేదు.

ఉన్న పక్షాల్లో పరిరక్షణకు ఎక్కువ చేసింది ఎమ్యులేటర్ రాసినవారే. అయితే వారి పని సరైనదో కాదో చూసుకోవడానికి అసలు యంత్రం, అసలు క్యాసెట్ బతికి ఉండాలి. సీలువేసిన డబ్బాకు ఈ లెక్కలో చోటు తక్కువే.

ఇంట్లో అటక మీద పాత వీడియో గేమ్ డబ్బా ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. అడాప్టర్‌ను సరిచూడకుండా ప్లగ్గులో పెట్టకండి. కంట్రోలర్‌లోనో తుపాకీలోనో సెల్లులుంటే ఈరోజే తీసేయండి. క్యాసెట్ లేబులు, డబ్బా మీది చిరునామా, లోపలి కాగితం, రసీదు ఉంటే అదీ, స్పష్టంగా ఫోటోలు తీసి పెట్టండి. కొన్న ఊరు, దుకాణం, ఏడాది గుర్తుంటే వెనక రాయండి.